పాపకు తీసిన దిష్టి

కోతికి చీర ఉయ్యాల కట్టి జోల పాడిన మనిషితో ఒకే గదిలో బతికాను నేను. "కోతి" అన్నానని తెలిస్తే ఆవిడ ఇప్పటికీ నాతో ఒక పూటంతా మాట్లాడదు. "కోతి కాదు మే, చింపాంజీ. కోతికి తోక ఉంటాది. మన పాపకు తోక యాడుండాది?" అనేది. ఇంకేం, తోక లేదు కాబట్టి మనిషిలో జమకట్టేసింది.

మస్కట్‌లో బౌషర్ వైపు ఒక పెద్ద ఇంట్లో మా ఇద్దరికీ పని. నాది వంట. ఆవిడది కడప జిల్లా, నాకన్నా పెద్దది, అందుకని అక్కా అంటాను. నాది గోదావరి జిల్లా. నేను "ఆయ్" అంటే ఆవిడ పడీపడీ నవ్వేది. ఆవిడ "యాడికి" అంటే నేను నవ్వేదాన్ని. నవ్వుకోవడానికి మాకు అంతకన్నా పెద్ద కారణాలు అక్కడ ఉండేవి కావు. అక్కను మొదట ఆ ఇంటి ముసలావిడకు సేవ చేయడానికి తెచ్చారు. ముసలావిడ పోయాక, ఇక ఈమెను ఏం చేద్దాం, వేరే ఇంటికి పంపుదామా అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్న రోజుల్లో పాప వచ్చింది.

ఎలా వచ్చిందంటే, రిబ్బను కట్టిన అట్టపెట్టెలో వచ్చింది. యజమానిని మేం బాబా అంటాం. బాబా కొడుకు పుట్టినరోజుకు బాబా తమ్ముడు తెచ్చిన బహుమతి అది. నేను వంటింట్లో బిర్యానీ దింపుతున్నాను. హాల్లో పిల్లల కేకలు వినపడి గరిటె పట్టుకునే పరిగెత్తాను. పెట్టెలో ఒక నల్లటి పిల్ల, తన భుజాలు తానే పట్టుకుని ముడుచుకుని కూర్చుంది. చెవులు ఇంతింత. మొహం మాత్రం తెల్లగా, పాలు తాగే బిడ్డ మొహం. అందరూ ఒక్కసారే ఫోన్లు పైకెత్తారు. అది అందరి మొహాలూ వరసగా చూసి, ఏం తోచిందో ఏమో, జ్యూస్ ట్రే పట్టుకుని నిలబడ్డ అక్క గుండెల మీదికి ఎగిరింది. ట్రే పోయింది, గ్లాసులు పోయాయి, అక్క నైటీ చిరిగింది. ఎంతమంది లాగినా అది వదల్లేదు. చివరికి బాబా భార్య, మా మేడమ్, విసిగిపోయి, "సరే, ఇకనుంచి నీ డ్యూటీ ఇదే" అంది.

ముసలావిడకు డైపర్లు మార్చిన చేతులే పాపకూ మార్చాయి. సీసాతో పాలు, తర్వాత మెత్తగా కలిపిన పప్పన్నం, తర్వాత పెరుగన్నం. అక్క పాత వాయిల్ చీర మా గది కిటికీ చువ్వలకు కట్టి ఉయ్యాల చేస్తే, తాడు బిగించింది నేనే. నుదుట కాటుక చుక్క, అరికాలిలో ఇంకో చుక్క. "నల్లదానికి నల్లచుక్క ఎవరికి కనపడుతుంది అక్కా?" అంటే, "దేవునికి కనపడతాది లే, నీకేం?" అనేది. ఇద్దరు బిడ్డల్ని పెంచి పెద్ద చేసిన మనిషి. ఆ విద్యంతా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

స్నానానికి ముందు కొబ్బరినూనెతో ఒళ్ళు రుద్దేది. పాప ఎడమ భుజం వెనక చర్మం కింద కందిగింజలంత గట్టి ముడులు ఉండేవి. "నరం ముడేసుకున్యాది మే, రుద్దితే కరుగుతాది" అని అక్కడ ఇంకాస్త నూనె పోసి బొటనవేలితో నీవేది. పాప మూలిగేది కానీ కరిచేది కాదు. ఆ ముడులు ఎన్ని నెలలు రుద్దినా కరగలేదు.

ఇక దిష్టి సంగతి. శుక్రవారం సెలవు కదా, ఆ రోజు బాబా చుట్టాలు, స్నేహితులు వచ్చేవారు. పాపకు కళ్ళద్దాలు పెట్టి ఫొటో, టోపీ పెట్టి ఫొటో, చేతికి పెప్సీ డబ్బా ఇచ్చి ఫొటో. వాళ్ళంతా వెళ్ళేసరికి పాప వాడిపోయి, తిండి ముట్టకుండా అక్క మెడ పట్టుకుని ఉండేది. "ఇంతమంది కండ్లు పడితే రాయైనా పగలదా?" అని అక్క లేచేది. ఆ ఇంట్లో రోజూ సాయంత్రం లుబాన్ ధూపం, మన సాంబ్రాణి లాంటిదే, వేస్తారు. ధూపం అయ్యాక ఆ మట్టి కుంపటిలో మిగిలిన నిప్పులు మావి. పిడికెడు రాళ్ళ ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు పట్టుకుని, పాప తల చుట్టూ తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అరబ్బోళ్ళ దిష్టి, ఫోన్ల దిష్టి, తూ అను, తూ అను" అనేది. పాప నిజంగానే పెదాలు ముందుకు చాపి "తూ" అనేది. నేను నవ్వలేక చచ్చేదాన్ని. మేడమ్ ఒకసారి చూసి ఇదేమిటంది. కన్ను తగలకుండా అని నాకొచ్చిన అరబీలో చెప్పాను. కన్నంటే వాళ్ళకూ భయమే. బాగా తీయమని చెప్పి వెళ్ళిపోయింది.

ఉప్పు నిప్పుల్లో పడేది. చిటపట, టప్, టపటప. అంతే, పాప గావుకేక పెట్టేది. అక్క తలమీదికి ఎక్కేది, జుట్టు పీకేది, ఒంటిమీదే పాసు పోసేది. ఆ వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టేది. "సూస్తివా, ఉప్పు ఎట్ల పేలుతాందో! ఎంత దిష్టి తగిలుంటే బిడ్డ ఇట్ల తల్లడిల్లాల?" అనేది అక్క. మా వైపూ అంతే. ఉప్పు గట్టిగా పేలిందంటే దిష్టి గట్టిగా ఉన్నట్టు లెక్క. "వచ్చేవారం రెండు పిడికిళ్ళు వెయ్యి అక్కా" అన్నాను. వేసింది. పాప ఇంకా గట్టిగా అరిచింది. మాకు ఇంకా గట్టి నమ్మకం కుదిరింది.

పాపకు పళ్ళొచ్చాయి, బలమొచ్చింది. ఒక శుక్రవారం టోపీ పెట్టబోయిన చుట్టాల పిల్లాడి చెయ్యి కరిచింది. దానితో గొడవై, ఇలాంటి జంతువును ఇంట్లో ఉంచుకోకూడదన్న మాట బయటికొచ్చింది. సర్కారు మనుషులు బోను పట్టుకుని వచ్చారు. పాప అక్కను పట్టుకున్న పట్టు విడిపించడానికి మత్తు సూది వేయాల్సి వచ్చింది. మత్తులో వేళ్ళు ఒక్కొక్కటే జారిపోతుంటే అక్క వాటినే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత అక్కకు బట్టలు, బాత్రూముల డ్యూటీ ఇచ్చారు. ఉయ్యాల చీర మాత్రం కిటికీకి అలాగే ఉంచింది. నేనూ విప్పమనలేదు.

ఆ మరుసటి వానల సీజన్‌లో బాబా కుటుంబం సలాలా బయల్దేరింది. ఒమన్ అంతా ఎండకు మాడిపోతుంటే సలాలా కొండల మీద మాత్రం మంచు, జల్లు. ఉన్నవాళ్ళంతా కార్లేసుకుని అక్కడికి పరిగెడతారు. వాళ్ళకు వండి పెట్టాలి కాబట్టి నేను, పిల్లల వెనక తిరగాలి కాబట్టి అక్క. అక్కడికి చేరిన మర్నాడు మేడమ్‌కు ఫోన్ వచ్చింది. పాపను ఆ కొండల్లోనే, తల్లిలేని చింపాంజీ పిల్లల్ని సాకే ఒక కేంద్రంలో ఉంచారట. దాన్ని చేతులారా పెంచిన మనిషెవరో వాళ్ళు చూడాలంటున్నారట. మేడమ్ డ్రైవర్‌ను పిలిచి, ఇద్దరూ వెళ్ళి మధ్యాహ్నం వంటకు వచ్చేయండి అంది.

అక్క మొహం చూడాలి అప్పుడు. "బువ్వ తినడం మానేసుంటాది మే. నేను ల్యాక బతకలేక పిలిపిస్తాండారు. తీస్కపొమ్మంటారేమో" అంది. ఉన్నవాటిలో మంచి చీర తీసి కట్టింది, తలకు నూనె పెట్టింది. కొత్త తువ్వాలు సంచిలో పెట్టింది. మా వంటసామాన్లోంచి ఉప్పు, ఎండుమిరపకాయలు గుడ్డలో మూటగట్టుకుంది. "పెళ్ళిచూపులకా అక్కా?" అన్నాను. "పో మే" అని సిగ్గుపడింది. కొండ ఎక్కుతుంటే మంచులో దారి కనపడలేదు. పచ్చగడ్డి, తడిసిన ఒంటెలు, దారి పక్క అరటిగెలలు, కొబ్బరిబోండాలు. అక్క కారాపించి అరటిపళ్ళు కొనింది. మస్కట్ నుంచి పాపను ఇలాంటి చోటికి తెచ్చినందుకు సర్కారు వాళ్ళను మొదటిసారి మెచ్చుకుంది.

గేటు దగ్గరే మొదటి దెబ్బ. అరటిపళ్ళు లోపలికి పనికిరావన్నారు. మందు నీళ్ళలో కాళ్ళు ముంచమన్నారు, మూతికి మాస్కులు కట్టారు. డాక్టరు ఒక తెల్లావిడ, వానకోటు వేసుకుని వచ్చి, ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడింది. నేను ఈ ఇంటికి రాకముందు ఒక ఆస్పత్రిలో క్లీనింగ్ చేశాను. అక్కడి ఫిలిప్పీన్ నర్సుల పుణ్యమా అని నాకు ఆ పాటి ఇంగ్లీషు వచ్చు. అక్కకు రాదు. అందుకని డాక్టరు నాకు చెప్పడం, నేను అక్కకు చెప్పడం.

"పాప మీకు కనపడుతుంది. మీరు పాపకు కనపడకూడదు" అంది డాక్టరు.

చెప్పాను. అక్క నమ్మలేదు. "సరిగ్గా అడుగు మే. నువ్వు తప్పు ఇనింటావు" అంది.

మళ్ళీ అడిగాను. తప్పు వినలేదు. ఇప్పుడిప్పుడే అది తన జాతి పిల్లలతో కలుస్తోందట, అక్కను చూస్తే ఆ కష్టమంతా నీళ్ళలో పోసినట్టేనట. వానలయ్యాక ఈ పిల్లలందరినీ విమానంలో ఆఫ్రికా అడవికి పంపుతారు. అక్కడ పెద్దవాటి గుంపులో కలుపుతారు. మరి మమ్మల్ని ఎందుకు పిలిపించారు అంటే, పాపను పంపాలా వద్దా తేలడం లేదు కాబట్టి. చప్పుడైతే చాలు పాపకు పిచ్చెత్తినట్టు అవుతోందట. ఆ తర్వాత చేత్తో ఏదో వింత పని చేస్తుందట. తలకు దెబ్బ తగిలి మెదడు చెడిందేమోనని వీళ్ళ అనుమానం. మెదడు చెడినదాన్ని గుంపు బతకనివ్వదు. అలాగైతే అది ఇక్కడే, బతికినన్నేళ్ళూ బోనులో ఉండాలి. అవి చాలా ఏళ్ళు బతుకుతాయట, ఇంచుమించు మనిషిలాగే.

"మీ ఇంట్లో ఎప్పుడైనా కింద పడిందా? ఎవరైనా కొట్టారా?" అని అడిగింది డాక్టరు.

"కొట్టడమా! నేనా!" అక్క కుర్చీలోంచి లేచేసింది. "ఈగ వాలనీలేదని చెప్పు మే ఆమెకు."

చెప్పాను. డాక్టరు తల ఊపి, గోడకున్న తెల్ల లైటు వేసి ఎక్స్‌రే తగిలించింది. చిన్న చిన్న పక్కటెముకలు. ఎడమ భుజం వెనక నాలుగు తెల్లటి గుండ్రటి చుక్కలు. నాకు అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. దగ్గరికెళ్ళి బొటనవేలు సరిగ్గా ఆ చుక్కల మీద పెట్టింది.

"ఇవి నరం ముడులు. నేను రోజూ రుద్దినవే. ఇంగా కరగలేదా?"

అవి ఏమిటని డాక్టర్ని అడిగాను. తుపాకీ గుళ్ళు అంది.

ఆవిడ చెబుతూనే ఉంది. ఈ పిల్లను ఏ తల్లీ తనంత తాను వదలదు. నాలుగైదేళ్ళదాకా ఒంటిమీదే పెట్టుకుని తిరుగుతుంది. అందుకని పిల్ల కావలసినవాడు ముందు తల్లిని కాల్చాలి. అడ్డమొచ్చిన మిగతావాటినీ కాలుస్తాడు. తుపాకీ మోగితే తల్లి పిల్లను పొట్టకింద అదుముకుని, వీపు తుపాకీకిచ్చి ఒంగిపోతుంది. పాప భుజం కాస్త బయటికి ఉండిపోయినట్టుంది, ఆ నాలుగు గుళ్ళూ దానికి తగిలాయి. మిగతావన్నీ తల్లికి. చచ్చిన తల్లి ఒంటిమీంచి వేళ్ళు విడదీసి పట్టుకుపోతారు.

రిబ్బను కట్టిన పెట్టె గుర్తొచ్చింది నాకు. ఆ రోజు నేను బిర్యానీలో జీడిపప్పు తక్కువైందని బాధపడ్డాను, ఛీ! వాడు, ఆ బాబా తమ్ముడు, "క్యూట్, క్యూట్" అంటూ పెట్టె చుట్టూ గెంతాడు. వాడు ఎదురుగా ఉంటే గరిటె పెట్టి మొహం వాచేలా కొట్టి ఉందును, ఆ తర్వాత నన్ను ఏ విమానం ఎక్కించినా సరే.

"ఏమంటాంది మే?" అంది అక్క.

ఇందులో ఎంత చెప్పాలి, ఎంత దాచాలి? దాచేద్దామనే అనుకున్నాను. కానీ ఆవిడ వేలు ఇంకా ఆ చుక్కల మీదే ఉంది. "గుళ్ళు అక్కా. తుపాకీ గుళ్ళు. వాళ్ళమ్మను కాల్చి పాపను తెచ్చారు" అన్నాను. ఒంగడం సంగతీ చెప్పాను, వేళ్ళు విడదీయడం సంగతీ చెప్పాను. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు.

అక్క ఏడవలేదు. తన వేలిని తానే చూసుకుంది. "ఆ గుండ్లనా నేను అంతగా రుద్దింది?" అంది.

డాక్టరు అడిగింది: "అన్ని చప్పుళ్ళకూ భయపడదు. తలుపు పడినా, కుక్క మొరిగినా పట్టించుకోదు. టపటపమని పేలినట్టు వినపడితేనే. మీ ఇంట్లో అలాంటి చప్పుడు ఏమైనా ఉండేదా?"

తెలుగులోకి మార్చి చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. అక్క నన్ను చూసింది. నేను అక్కను చూశాను. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"ఉప్పు" అంది అక్క.

ఒళ్ళో ఉన్న సంచిని, అందులో పాము ఉన్నట్టు, కిందికి తోసేసింది. "ప్రతి వారం మే! నేనే కదమ్మే, ప్రతి వారం నేనే పేల్చితి! అది అరిస్తే ఇంగో పిడికెడు వేస్తి!" అని తల బాదుకుంది. "నేను కూడా వెయ్యమన్నాను అక్కా" అన్నాను. ఆవిడకు వినపడలేదు. డాక్టరు బిత్తరపోయి మంచినీళ్ళు ఇచ్చింది. దిష్టి అంటే ఏమిటో ఆవిడకు ఎలా చెప్పను? "బ్యాడ్ ఐ, బ్యాడ్ ఐ" అన్నాను. ఆవిడ లేచి పాప కళ్ళ పరీక్ష కాగితాలు వెతకబోయింది. అది కాదు తల్లీ అని ఆపి, అభినయం పట్టి, ఉప్పు పేలడం నోటితో చేసి చూపించాను. ఆవిడకు సగం అర్థమైనట్టుంది. భయం ఎక్కడిదో తెలిసింది కానీ, చేత్తో చేసే ఆ వింత పని సంగతి మాత్రం తేలలేదు అంటూ ఫోన్‌లో వీడియో పెట్టింది.

పాప! ఎంత పొడుగైందో. ఒంటరిగా బోనులో మూల ముడుచుకుని ఉంది. వణుకు కాస్త తగ్గాక లేచి కూర్చుని, నేలమీది కంకరరాళ్ళు గుప్పిట్లోకి తీసుకుంది. ఆ గుప్పిటను తన తల చుట్టూ తిప్పింది. ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. గుప్పిట మూతి దగ్గరికి తెచ్చి పెదాలు ముందుకు చాపింది. రాళ్ళను దూరంగా విసిరేసింది.

"ఇలా ఎప్పుడూ చేస్తుంది. ఇలాంటిది మేం ఏ చింపాంజీలోనూ చూడలేదు. అందుకే మెదడు అంటున్నాం" అంది డాక్టరు.

నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో, ఆ ఎక్స్‌రే ముందు, పకపకా నవ్వేశాను. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు మాస్కులోకి కారాయి. "మెదడుకేం కాలేదమ్మా, దిష్టి తీసుకుంటోంది!" అన్నాను తెలుగులోనే. తర్వాత సంచి తెరిచి, ఉప్పు పిడికిట పట్టి, అక్క తల చుట్టూ తిప్పి, అక్క చేత తూ అనిపించి చూపించాను. డాక్టరు ఫోన్ చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోన్ చూసింది. ఇది పిల్లలకు ఎందుకు చేస్తారని అడిగింది.

అక్కనే అడిగాను. "బిడ్డకు ఏం కాకూడదని" అంది అక్క, నేల చూపులు చూస్తూ.

డాక్టరు లేచి, రమ్మంది. నిన్ననే పాపతో ఇంకా చిన్న పిల్లనొకదాన్ని కలిపారట, ఈ మధ్యే వచ్చిందట. ఒకసారి కళ్ళారా చూసి గానీ తాను ఏ మాటా చెప్పలేనంది. చెక్క గోడకు మూడు కన్నాలు ఉన్నాయి. ఒక కన్నం దగ్గర అక్క, ఇంకో కన్నం దగ్గర డాక్టరు, మూడోదాని దగ్గర నేను. "ఊపిరి కూడా గట్టిగా తీయొద్దు" అంది.

అవతల చెట్లు, వేలాడే తాళ్ళు, మంచులో తడిసిన గడ్డి. నాలుగైదు పిల్లలు తాళ్ళ మీద గెంతుతున్నాయి. పాప విడిగా కూర్చుని ఆకు నములుతోంది. దాని పక్కన పిడికెడంత పిల్ల, అట్టపెట్టెలోంచి తీసిన రోజు పాప ఎలా ఉందో అలా, తన భుజాలు తానే పట్టుకుని ఉంది. అక్క రెండు చేతులూ గోడకు ఆనించింది. పిలవకుండా ఉండడానికి మాస్కు కిందనుంచే కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక్కడినుంచి ఒక్క పిలుపు పిలిస్తే పాప పరిగెత్తుకొస్తుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలుసు.

అప్పుడే షెడ్డు వెనక జనరేటర్ వేశారు. అది మొదట ఫట్, ఫట్ఫట్, ఫట్ అని పేలి, ఆ తర్వాత గానీ అందుకోదు.

పిల్లలన్నీ తాళ్ళు వదిలి తలోదిక్కూ పారిపోయాయి. పాప అరుస్తుంది, పాకుతుంది, గోడ ఎక్కుతుంది అనుకున్నాను. మా ఇంట్లో చూసింది అదే కదా. పాప పారిపోలేదు. పక్కనున్న చిన్నదాన్ని ఒక్క లాగు లాగి పొట్టకింద అదుముకుంది. చప్పుడు వచ్చేవైపు వీపు తిప్పి, మోకాళ్ళు ముడిచి, తల దించి, మొత్తం ఒంగిపోయింది. చిన్నదాని చెయ్యి ఒకటి బయటికి ఉండిపోతే, దాన్నీ లోపలికి లాక్కుంది. ఒళ్ళంతా వణుకుతూనే ఉంది, అయినా కదల్లేదు.

డాక్టరు కన్నం వదిలి గోడకు చేరగిలబడింది.

జనరేటర్ సర్దుకుని మామూలుగా తిరగడం మొదలయ్యాక పాప లేచి కూర్చుంది. అటూ ఇటూ చూసింది. నేలమీంచి రాళ్ళు గుప్పిట పట్టి, ఈసారి తన తల చుట్టూ కాదు, ఆ చిన్నదాని తల చుట్టూ తిప్పింది. గుప్పిట దాని మూతి దగ్గర పెట్టింది. దానికేం తెలుసు, ఊరికే చూసింది. పాపే దాని బదులు పెదాలు చాపి తూ అని, రాళ్ళను దూరంగా విసిరేసింది.

అక్క కొంగు నోట్లోంచి తీసింది. నా చెవిలో గొణిగింది. "రాళ్ళు తిప్పేది నేను నేర్పిండేదే మే. ఆ ఒంగి మూసుకునేది నేను నేర్పలేదు."

ఇది డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ మాస్కు తడిసిపోయి ఉంది. పంపుతాం, తప్పకుండా పంపుతాం, ఆ చిన్నదాన్ని కూడా దీనితోనే పంపుతాం అంది. అక్క తల ఊపింది. ఇంకోసారి చూస్తావా అని డాక్టరు కన్నం చూపిస్తే, వద్దని చెయ్యి ఊపి, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాకా నడిచింది.

బయట డ్రైవర్ అరటిపళ్ళు తింటున్నాడు. వంటకు ఆలస్యమవుతుంది, ఎక్కండి అన్నాడు. అక్క ఎక్కలేదు. రోడ్డు దిగువన కొండనీళ్ళు పాయగా పారుతున్నాయి. అక్కడికి దిగి సంచి విప్పింది. నేనూ వెనకే దిగాను. మిరపకాయలు పక్కన పడేసి, ఉప్పు పిడికిట పట్టి, మంచులో కనపడీ కనపడని ఆ చెక్క గోడవైపు చెయ్యి చాపి తిప్పింది.

"నిప్పు లేదు కదక్కా" అన్నాను.

"నిప్పొద్దు. ఇంగెప్పుడూ నిప్పొద్దు" అని నీళ్ళలో వదిలింది.

అయిపోయిందనుకుని నేను పైకి రాబోయాను. అక్క మూటలో మిగిలిన ఉప్పంతా మళ్ళీ పిడికిట్లోకి తీసుకుంది. ఈసారి ఏ వైపు తిప్పాలో తెలియనట్టు కాసేపు అలాగే నిలబడింది.

"ఇదెవరికి అక్కా?"

"వాళ్ళమ్మకు" అంది. "ఆయమ్మకు ఎవురు తీసింటారు?"

తిప్పి, వదిలింది. అలవాటు కొద్దీ నేను చెవులు రిక్కించాను. ఉప్పు చప్పుడు చేయకుండా కరిగిపోయింది.